మూడు దారాలు మెలేస్తే తాడైపోదు: మోడల్ ఓడలకి చిన్న మోటారు తాడు యంత్రం

[మొదటి షాట్: బల్ల మీద పక్కపక్కన రెండు తాళ్ళు. ఎడమదాని కొస వదలగానే విడిపోతుంది. కుడిది కదలదు.]

ఎడమ పక్కది చూశారుగా. మూడు దారాలు కలిపి డ్రిల్లుకి కట్టి, బర్రున తిప్పేసి "తాడు రెడీ" అనేస్తారు చూడండి, అదే ఇది. కొస వదిలానో లేదో మూడూ మూడు దారులు పట్టాయి. కుడి పక్కదీ అదే రీలు, అదే దారం. కొస కోసేసినా బిగుసుకుని కూర్చుంది. జిగురు లేదు, మైనం లేదు. తేడా అంతా తిప్పడంలోనే.

డ్రిల్లు వీడియోలు చూసి చూసి నాకు విసుగొచ్చింది. అందుకే ఈ వీడియో.

ఉమ్మడి కుటుంబంలో ముగ్గురు అన్నదమ్ములు అనుకోండి. ముగ్గురికీ వేరుపడాలనే ఉంది. డ్రిల్లు పద్ధతి ఏం చేస్తుందంటే, ముగ్గురినీ ఒక గదిలో తోసి తాళం వేస్తుంది. తాళం తీయగానే ఎవరి దారి వాళ్ళది.

అసలు పద్ధతి వేరు. ముందు ఒక్కొక్కడికీ విడిగా పురి ఎక్కించాలి, ముగ్గురికీ ఒకే వైపు. ఇప్పుడు ప్రతివాడూ ఆ పురి విప్పుకోవాలనే చూస్తుంటాడు. ఆ సమయంలో ముగ్గురి కొసలూ ఒకచోట చేర్చి వదిలితే, ముగ్గురూ ఒకేసారి విప్పుకోబోతారు. ఆ విప్పుకునే ఊపుతోనే ఒకరినొకరు చుట్టేసుకుంటారు, ఎదురు వైపుకి. ఇక తాడు విడిపోవాలంటే పేటలకి, అంటే తాడులో కలిసిన ఒక్కో పాయకీ, ఇంకా పురి ఎక్కాలి. పేటలు పురి విప్పుకోవాలంటే తాడు ఇంకా బిగియాలి. ఎవరి స్వార్థం వాళ్ళదే. ఇల్లు మాత్రం చెక్కుచెదరదు.

ఊళ్ళో జనపనార తాడు తొడ మీద పేనడం చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. రెండు పాయలనీ అరచేత్తో ముందుకి తోస్తారు, కలిపి వెనక్కి లాగుతారు. మన యంత్రం చేసేదీ అదే. తొడ బదులు మోటారు.

[షాట్: యంత్రం తల భాగం, దగ్గరగా]

ఇది తల భాగం. 12 వోల్టుల గేర్ మోటారు, 300 ఆర్‌పీఎం. మధ్యలో 60 పళ్ళ చక్రం, చుట్టూ మూడు 20 పళ్ళ చక్రాలు. పెద్దది ఒక చుట్టు తిరిగితే చిన్నవి మూడు తిరుగుతాయి, అంటే నిమిషానికి సుమారు 900 చుట్లు. నిజానికి అంత స్పీడు అక్కర్లేదు. అందుకే స్పీడ్ కంట్రోలర్ పెట్టాను, తిరిగే దిశ మార్చడానికి ఒక స్విచ్చి కూడా. ఆ స్విచ్చి లేకుండా మాత్రం యంత్రం కట్టకండి, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ఇక్కడొకటి గమనించండి. చిన్న చక్రాలు మూడూ మధ్య చక్రాన్నే తాకాలి, ఒకదాన్నొకటి తాకకూడదు. వరసగా పేర్చి ఒకదాంతో ఒకటి తిప్పితే నడిమిది ఎదురు తిరుగుతుంది. ముగ్గురు అన్నదమ్ముల్లో ఒకడు ఎదురు తిరిగితే కాపురం ఏమవుతుందో చెప్పాలా!

ఇరుసులు 3 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీలు, వాటికి 623 నంబరు బేరింగులు. కొస వంచితే కొక్కెం అయిపోతుంది.

[షాట్: తోక వైపు బండి]

ఇది తోక బండి. దీన్ని డ్రాయర్లకి వాడే టెలిస్కోపిక్ ఛానెల్ మీద పెట్టాను. పురి ఎక్కేకొద్దీ దారం పొట్టిదవుతుంది కాబట్టి బండి ముందుకు జరగాలి, జరుగుతూనే వెనక్కి లాగుతూ ఉండాలి. అందుకే దీనికి తాడు కట్టి, కప్పీ మీదుగా బరువు వేలాడదీశాను. బండికి ఒకే కొక్కెం, అదీ బేరింగులోనే. ఈ బేరింగులో కంపెనీ గ్రీజు ఉంటే పెట్రోలుతో కడిగి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయండి. సన్న దారానికి ఉండే బలమెంత? చిక్కటి గ్రీజుని తిప్పలేదు. తాడు సగంలో ఆగిపోతే మోటారుని తిడతారు గానీ, దొంగ ఎక్కువగా ఈ బేరింగే.

మూడో భాగం ఇదిగో, చిన్న కోన్. కొయ్యది, చుట్టూ మూడు గాడులు. తాళ్ళు చేసేవాళ్ళు దీన్ని టాప్ అంటారు. ఒక్కో గాడిలో ఒక్కో పేట. నేనైతే దీన్ని నాయనమ్మ అంటాను. వేళ కాకముందే అన్నదమ్ములు మీద పడి కొట్టుకోకుండా మధ్యలో నిలబడేది ఈవిడే.

ఇంతే యంత్రం. ఇంగ్లండులోని చాతమ్‌లో ఒకప్పటి నౌకాదళం తాళ్ళ శాల ఉంది. భవనం పొడవు 346 మీటర్లు, అక్కడ ఈ రోజుకీ తాళ్ళు పేనుతున్నారు. అక్కడ జరిగేదీ ఈ మూడు భాగాల పనే. మనది బల్ల మీద రెండు మీటర్లు.

[షాట్: భూతద్దం కింద దారం]

ఇప్పుడు చాలామంది దాటేసే సంగతి. కుట్టు దారం కొంటున్నారు, దాని పురి ఎటు ఉందో చూశారా? నిలువుగా పట్టుకోండి. గీతలు కింద ఎడమ నుంచి పైన కుడికి ఎక్కుతుంటే జెడ్ పురి, ఇంగ్లీషు అక్షరం నడిమి గీతలాగ. ఎదురు వాలితే ఎస్ పురి. షాపుల్లో దొరికే కుట్టు దారం ఎక్కువగా జెడ్ పురే. ఓడల మీద మామూలు మూడు పేటల తాడు కూడా పైకి జెడ్ పురే కనిపించాలి. ఇక్కడే మెలిక. కొక్కేనికి ఒక్కో జెడ్ దారం కట్టి దాని పురి పెరిగేటట్టు తిప్పితే, తాడు ఎస్ అవుతుంది. ఓడ మీద చూస్తే తాళ్ళన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. మోడల్ మొత్తం మీద గోరంత పలక కూడా కొలిచి అతికించినవాళ్ళు, తాళ్ళ దగ్గరికొచ్చేసరికి "ఎవరు చూస్తారులే" అంటారు. నేను చూస్తాను.

పోనీ ఎదురు తిప్పుదామంటే, ఒంటరి దారం పురి విప్పుకుని నూగులా లేస్తుంది. ఉపాయం ఏంటంటే, కొక్కేనికి ఒకటి కాదు, రెండో మూడో దారాలు కట్టండి. వాటిని కలిపి ఎస్ వైపు తిప్పండి. దారం జెడ్, పేట ఎస్, తాడు జెడ్. అసలు తాళ్ళ కట్టుబడి సరిగ్గా ఇదే. దారం కాస్త వదులవుతుంది, ఫర్వాలేదు, పక్కవాడు తోడున్నాడు. అన్నదమ్ములకి భార్యాపిల్లలు కూడా వచ్చారనుకోండి, ఒక్కో కొక్కెం ఒక్కో సంసారం.

[షాట్: యంత్రం నడుస్తోంది]

ఇక సర్దుబాట్లు. అన్నిటికంటే ముందు, మూడు పేటల బిగువూ సమానంగా ఉండాలి. ఒక్కడు వదులుగా ఉన్నా మిగతా ఇద్దరూ తిన్నగా లాగుతుంటే వాడు వాళ్ళ చుట్టూ పాములా పాకుతాడు. తాడు మీద ఒక వైపు ఉబ్బు కనిపిస్తే కారణం అదే. కట్టేటప్పుడు ఒక్కో పేట కొసకీ ఒకే బరువు వేలాడదీసి ముడి వేయండి, చేత్తో అంచనా వేయకండి.

తోక కొక్కేనికి చీల పెట్టి బిగించండి. కోన్‌ని తోక దగ్గరికి నెట్టి క్లిప్పు వేయండి. మోటారు నెమ్మదిగా తిప్పండి. బండి ముందుకి పాకుతుంది. మీటరు పేటకి ఐదారు సెంటీమీటర్లు జరిగితే ఆగుతాను. ఇది నా దారాలకి. మీ దారానికి మీరే చూసుకోవాలి.

ఇప్పుడు చీల తీసేయండి. తోక కొక్కెం గిర్రున తిరగడం మొదలవుతుంది, కోన్ వెనక తాడు పడుతూ ఉంటుంది. మోటారు మాత్రం ఆపకండి! తాడు పడుతున్నకొద్దీ పేటల్లో పురి ఖర్చవుతుంది, తల వైపు నుంచి కొత్తది పోస్తూ ఉండాలి. ఆపితే మొదటి సగం గట్టిగా, రెండో సగం మెత్తగా వస్తుంది. క్లిప్పు తీసి కోన్‌ని వేలితో కాస్త అడ్డుకుంటూ పోనివ్వండి. నాయనమ్మ గట్టిగా నిలబడితే తాడు బిగువుగా వస్తుంది, పరిగెత్తితే వదులుగా.

బరువు తక్కువైతే పేటలు మధ్యలోనే మెలికలు పడి ముడులవుతాయి. ఎక్కువైతే తాడు సాగి, గీతలు మరీ పొడుగ్గా వాలతాయి, లేదా దారం తెగి కంటి మీదకొస్తుంది. కళ్ళజోడు పెట్టుకోండి, సరదాకి చెప్పడం లేదు.

తాడు కోసే ముందు రెండు కొసలకీ జిగురు చుక్క పెట్టండి. ఒక కొస పైన కట్టేసి, రెండో కొసకి చిన్న బరువు కట్టి, స్వేచ్ఛగా తిరిగేటట్టు రాత్రంతా వేలాడదీయండి. పొద్దున్న రెండు కొసలూ దగ్గరికి తెచ్చి చూడండి. తాడు ఉరిలా వంగి ఊరుకుంటే మంచిది. తనలో తాను మెలేసుకుంటే పురి లెక్క కుదరలేదు. ఈసారి తోక ఎక్కువ తిరగాలో, తల ఎక్కువ తిరగాలో మెలిక దిశే చెప్తుంది. మైనం పూయకండి, దుమ్ము పడుతుంది. దీని మీద గొడవలు పడేవాళ్ళున్నారు, పడనివ్వండి.

[గడియారం షాట్] టైమ్ అయిపోతోంది, లంగరు మోకు గబగబా చెప్పేస్తాను.

హెచ్‌ఎంఎస్ విక్టరీ, 1765లో నీళ్ళలోకి దిగిన బ్రిటిష్ యుద్ధనౌక. దాని లంగరు మోకు 24 అంగుళాలు. అది చుట్టుకొలత, వ్యాసం కాదు! ఆ రోజుల్లో తాళ్ళని చుట్టుకొలతతోనే చెప్పేవాళ్ళు. వ్యాసం సుమారు 194 మిల్లీమీటర్లు, 72వ వంతు మోడల్‌కి 2.7. చుట్టుకొలతనే వ్యాసం అనుకుంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల కొండచిలువ వస్తుంది. మోకు ఒక్కసారి పేనింది కాదు. మూడు జెడ్ తాళ్ళని కలిపి మళ్ళీ ఎస్ వైపు పేనినది. మూడు ఉమ్మడి కుటుంబాలు వియ్యమందుకున్నాయన్నమాట. ఇందుకే దిశ మార్చే స్విచ్చి.

మూడు పేటలు కలిస్తే వ్యాసం సుమారు 2.15 రెట్లవుతుంది. కాబట్టి 2.7 కావాలంటే ఒక్కో తాడు 1.25, ఒక్కో పేట 0.6 దగ్గర ఉండాలి. ప్రతి పేనుడికీ పొడవులో పావు వంతు దాకా పోతుంది. అంటే మీటరు మోకు కావాలంటే పేటలు రెండు మీటర్లు కట్టండి, ముడులకి పోయేది కూడా అందులోనే. దారం రీలు కొనేముందు భూతద్దం పట్టుకెళ్ళండి.