మస్టాంగ్ వెనక ట్యాంకు

అధ్యక్షులవారికి, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. ఆహ్వానపత్రికలో 'పి-51 మస్టాంగ్: రూపకల్పన, సాంకేతిక వివరాలు' అని వేశారు. మస్టాంగ్ అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ ఫైటర్ విమానం. వివరాలు ముందే చెప్పేస్తాను. పి-51డి రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 11.28 మీటర్లు, పొడవు 9.83 మీటర్లు. 7,600 మీటర్ల ఎత్తున వేగం గంటకు సుమారు 700 కిలోమీటర్లు. అదనపు ట్యాంకులతో 2,600 కిలోమీటర్ల పైచిలుకు దూరం. పట్టిక అయిపోయింది. ఆ పట్టికతోనే నా పేచీ. వేగం, దూరం పక్కపక్కన అచ్చువేస్తారు. అంత దూరానికి ఇంధనం నింపుకున్న విమానం ఆ వేగంతో పోదు, పోట్లాడనూ లేదు. ఈ మాట పట్టికలో ఎక్కడా ఉండదు.

1940 ఏప్రిల్‌లో బ్రిటిష్ వాళ్లు అమెరికాలోని నార్త్ అమెరికన్ కంపెనీతో కొత్త ఫైటర్ కోసం బేరం కుదుర్చుకున్నారు. ఆ కంపెనీ డిజైనర్ ఎడ్గార్ ష్మూడ్ బృందం 102 రోజుల్లో నమూనాను షెడ్డు బయటికి తెచ్చింది, ఇంజన్ ఇంకా చేతికి రాకుండానే. అక్టోబరు 26న తొలిసారి ఎగిరింది. నవంబరు 20న టెస్ట్ పైలట్ పాల్ బాల్ఫర్ ఎగురుతుండగా ఇంధనం అందక ఇంజన్ ఆగింది. దున్నిన పొలంలో దిగి తలకిందులైంది. బాల్ఫర్ బతికాడు. ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో తిప్పే మీట మార్చలేదనే చెబుతారు. ఈ విమానం కథంతా ట్యాంకుల కథే అని మొదట్లోనే తేలిపోయింది చూడండి.

ఇంజన్ సంగతి క్లుప్తంగా. మొదటి అల్లిసన్ ఇంజన్‌ది ఒకే దశ సూపర్‌చార్జర్, అంటే ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పంపు. 4,500 మీటర్లు దాటితే గాలి పలచబడి శక్తి పడిపోయేది. 1942 ఏప్రిల్ 30న రోల్స్‌రాయిస్ పైలట్ రోనీ హార్కర్ ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్‌లో మస్టాంగ్‌ను నడిపి, దీనికి మా మెర్లిన్ 61 ఇంజన్ పెట్టండన్నాడు. ఆ ఇంజన్‌లో ఇంధనం కలిసిన గాలిని రెండుసార్లు నొక్కి, ఇంటర్‌కూలర్‌లో చల్లార్చి సిలిండర్లలోకి పంపుతారు. తర్వాత అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ ఈ రకం తయారు చేసింది. ఇంజన్ మారిందని అందరూ చెబుతారు, సరే. కానీ ఇంజన్ ఒక్కటే ఈ విమానాన్ని ఇంగ్లండ్ నుంచి బెర్లిన్ చేర్చలేదు.

1943 అక్టోబరు 14న జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్ మీద దాడికి వెళ్లిన అమెరికన్ బాంబర్లలో 60 తిరిగి రాలేదు. కాపలాగా తోడు వెళ్లిన థండర్‌బోల్ట్ ఫైటర్లు ఇంధనం చాలక మధ్యలోనే వెనుదిరిగాయి. మస్టాంగ్‌కు ఒక్కో రెక్కలో 92 గ్యాలన్లు పట్టే ట్యాంకు ఉంది. అమెరికన్ గ్యాలను, అంటే 3.785 లీటర్లు. అదీ చాలక పైలట్ సీటు వెనక 85 గ్యాలన్ల ట్యాంకు బిగించారు. నిండితే పెట్రోలు బరువే 230 కిలోలు. సైకిల్ క్యారియర్ మీద బియ్యం బస్తా కడితే ముందు చక్రం ఎలా తేలుతుందో తెలుసుగా? గరిమనాభి వెనక్కి జరుగుతుంది. గట్టిగా మలుపు తిప్పితే విమానాన్ని నడిపే స్టిక్ తనంతట తానే పైలట్ ఒళ్లోకి వస్తుంది. లాగాల్సింది పోయి ముందుకు తోయాలి. తోయడం ఆలస్యమైతే విమానం స్పిన్‌లో పడుతుంది, అంటే అదుపు తప్పి గిరగిరా తిరుగుతూ కిందికి పడుతుంది. వెనక ట్యాంకులో 40 గ్యాలన్లకు మించి ఉంటే విన్యాసాలు వద్దనేవారు.

రాసుకుంటున్నవాళ్లు ఒక్క నిమిషం పెన్ను ఆపి వినండి, ట్యాంకులు వాడే ఈ వరస ముఖ్యం. టేకాఫ్ ఎడమ రెక్క ట్యాంకు మీద. ఎందుకంటే ఇంధనాన్ని గాలితో కలిపే కార్బ్యురేటర్ నుంచి ఆవిరితో తిరిగొచ్చే ఇంధనం ఆ ట్యాంకులోకే పోతుంది, అందులో చోటుండాలి. పైకి ఎక్కేటప్పుడు వెనక ట్యాంకుకు మార్చి 30 గ్యాలన్ల దాకా దించాలి. ఆ తర్వాతే రెక్కల కింద తగిలించిన అదనపు ట్యాంకులు, ఎడమదీ కుడిదీ మార్చుకుంటూ, రెక్కలు సమంగా తూగేలా. శత్రువు కనబడగానే మీట లోపలి ట్యాంకుకు తిప్పి, బయటివి వదిలెయ్యాలి. మీట మరిచి ట్యాంకులు వదిలితే? బాల్ఫర్ గతే.

కింద తగిలించే ట్యాంకుల్లో 75 గ్యాలన్ల లోహపువి ఒక రకం. 108 గ్యాలన్లవి ఇంగ్లండ్‌లో చేసిన కాగితపువి. అవును, కాగితమే! క్రాఫ్ట్ కాగితం పొరలు జిగురుతో అంటించి చేసేవారు. పెట్రోలు పోసి గంటల తరబడి ఉంచితే మెత్తబడి కారేవి. అందుకే బయల్దేరే ముందే నింపేవారు, మిగిలితే మర్నాటికి పనికిరావు. ఎత్తున పెట్రోలు పంపుకు సరిగా అందేది కాదు. వాక్యూమ్ పంపు వదిలే గాలిని ఆ ట్యాంకుల్లోకి పంపి ఒత్తిడి పెట్టేవారు. 1944 మార్చిలో బెర్లిన్ మీద బాంబర్లకు తోడుగా మస్టాంగులు కనిపించాయంటే, ఈ కాగితపు ట్యాంకులకూ అందులో వాటా ఉంది.

చీటీ వచ్చింది, సమయం అయిపోయిందట. తుపాకులు రెండు ముక్కల్లో. పి-51బిలో నాలుగు, సన్నటి రెక్కలో పట్టక వాలుగా పెట్టారు. మలుపుల్లో తూటాల బెల్టు మెలిపడి ఆగిపోయేవి. డి మోడల్లో ఆరూ నిటారుగా నిలబెట్టారు: లోపలి రెండింటికి 400 చొప్పున, మిగతా నాలుగింటికి 270 చొప్పున, మొత్తం 1,880 తూటాలు. ఇక ప్రశ్నలు అడగండి.