అంపైర్ల వ్యాన్ వెంట ఎవరున్నారు?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు, నేను మళ్లీ చదవను. అంపైర్ల శిక్షణ శిబిరం చివరి రోజు కదా, 'ఆటలో క్రమశిక్షణ' గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెబుతాను. కానీ ముందు లాహోర్‌లో శ్రీలంక క్రికెట్ జట్టు మీద జరిగిన ఉగ్రవాద దాడి సంగతి. ఆ దాడి గురించి ఎవరు మాట్లాడినా ఆటగాళ్ల బస్సు దగ్గరే ఆగిపోతారు, దాని వెనక వచ్చిన మనలాంటి అంపైర్ల వ్యాన్ ఎవరికీ గుర్తుకురాదు.

2009 మార్చి 3. టెస్టు మూడో రోజు. అసలు ఆ సీజన్‌లో పాకిస్తాన్ వెళ్లాల్సింది మన జట్టు, ముంబై దాడుల తర్వాత మానుకుంటే శ్రీలంక వెళ్లింది. దేశాధ్యక్షుడికి ఇచ్చే స్థాయి భద్రత ఇస్తామని మాటిచ్చారు. గడ్డాఫీ స్టేడియం దగ్గర, లిబర్టీ చౌరస్తాలో తుపాకులు పేలాయి. ముందు మ్యాచ్‌లోనూ ఈ మ్యాచ్‌లోనూ డబుల్ సెంచరీ కొట్టిన సమరవీర తొడలో తూటా దిగింది. పరణవితానకు ఛాతీలో గాయం. డ్రైవర్ ఖలీల్ గుండె నిబ్బరంతో బస్సును ఆపకుండా స్టేడియంలోకి తోలాడు కాబట్టి జట్టు బతికింది. ఆయన గురించి ఎంత చెప్పినా తక్కువే, చాలామంది చెప్పారు కూడా.

బస్సు వెళ్లిపోయింది. మరి వ్యాన్? అందులో మ్యాచ్ రిఫరీ క్రిస్ బ్రాడ్, అంపైర్లు టాఫెల్, డేవిస్, నదీమ్ ఘౌరీ, రిజర్వ్ అంపైర్ అహ్సాన్ రజా. డ్రైవర్ తూటా తగిలి అక్కడే చనిపోయాడు, వ్యాన్ కదలదు. రజాకు తూటాలు దిగి నెత్తురు పోతుంటే బ్రాడ్ గాయాన్ని అదిమి పట్టుకున్నాడు. ఒక్కసారి ఊహించుకోండి, మీలో రేపు ఎవరో ఒకరు రిజర్వ్ అంపైర్‌గా వెళ్లేవాళ్లే కదా! బ్రాడ్ ఇంటికెళ్లాక కోపంగా చెప్పింది ఇదే: అవసరమైన వేళకు ఆ భద్రత మాయమైపోయింది. దానికి అప్పటి పాక్ బోర్డు అధ్యక్షుడు ఇజాజ్ బట్ ఏమన్నాడు? బ్రాడ్ అబద్ధాలాడుతున్నాడని! నెత్తుటి బట్టలతో బయటపడ్డ రిఫరీని పట్టుకుని అనే మాటేనా అది? ఈ ఒక్క మాటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సరే, ఈ దాడిలో అధికారుల హస్తం ఉందన్న అనుమానాల సంగతికి వద్దాం. బ్రాడ్ గమనించిన ఇంకో విషయం, మొదటి రెండు రోజులూ రెండు జట్ల బస్సులూ కలిసే బయల్దేరాయి, మూడో రోజు పాకిస్తాన్ బస్సు కొన్ని నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. దాడి చేసినవాళ్లు తుపాకులతో సందుల్లో తాపీగా నడుచుకుంటూ పోవడం సీసీ కెమెరాల్లో కనిపించింది, అక్కడికక్కడ ఒక్కడూ దొరకలేదు. లాహోర్ కమిషనరే టీవీలో లోపాలున్నాయని ఒప్పుకున్నాడు. వీటన్నిటికంటే పెద్దది, జనవరి 22 నాటి పోలీసు ఇంటెలిజెన్స్ లేఖ: హోటల్ నుంచి స్టేడియానికి వెళ్లే దారిలో లంక జట్టు మీద దాడి జరగొచ్చని! చేయించేది మన గూఢచారి సంస్థ 'రా' అని రాశారు, అది వేరే గొడవ. లేఖ వచ్చింది జనవరి వన్డేల సమయంలో, 24న లాహోర్‌లో మ్యాచ్ ఆడి జట్టు వెళ్లిపోయింది. మళ్లీ వచ్చేసరికి ఆ కాగితం ఏ ఫైల్లో ఉందో?

మధ్యలో ఇంకొకటి జరిగింది. ఫిబ్రవరి 25న కోర్టు తీర్పుతో ముఖ్యమంత్రి షాబాజ్ షరీఫ్ ప్రభుత్వం పోయి, లాహోర్ ఉన్న పాక్ పంజాబ్‌లో గవర్నర్ పాలన వచ్చింది, పోలీసు అధికారులను ఎడాపెడా మార్చేశారు. మార్చి 1న టెస్టు మొదలు. నన్నడిగితే కుట్ర కోసం వెతికేవాళ్లు ముందు ఈ బదిలీల జాబితా చూడాలి. అధికారులు చేతులు కలిపారనడానికి నా దగ్గర రుజువు లేదు, ఉందని చెప్పను కూడా. పైగా ఆరుగురు పోలీసులు ఆ రోజు ప్రాణాలిచ్చారు, కుట్ర అని నోరు జారేటప్పుడు వాళ్ల ఇళ్లు కూడా తలుచుకోవాలి. కానీ పైనున్నవాళ్ల నిర్లక్ష్యాన్ని కింద చచ్చిపోయినవాళ్ల త్యాగంతో కప్పేయకూడదు కదా బాబూ!

అహ్సాన్ రజా బతికాడు. 2015లో జింబాబ్వే వచ్చినప్పుడు అదే గడ్డాఫీలో అంపైరింగ్ చేశాడు. దానికి చప్పట్లు కొట్టండి, గట్టిగా. పాకిస్తాన్‌లో మళ్లీ టెస్టు జరగడానికి మాత్రం 2019 డిసెంబర్ దాకా పట్టింది, ఆడిందీ శ్రీలంకే.

అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు, క్రమశిక్షణ సంగతి సర్టిఫికెట్లు ఇచ్చాక చెబుతాను. ఇంతలో మీ వాట్సాప్‌లో ఎవరైనా 'అంతా రా పనే' అన్నా, 'అంతా పాక్ గూఢచారి సంస్థ ఐఎస్ఐ పనే' అన్నా ఒక్కటే అడగండి: ఆ ఉదయం అంపైర్ల వ్యాన్‌కి ఎస్కార్టు ఎంతమందో రాసిన ఆర్డరు మీద ఎవరి సంతకం ఉంది?