సీజే-3బీ కింద వెడల్పు యాక్సిళ్లు: ముందుది ఉంచాను, వెనకది విప్పేశాను

నమస్కారం. ముందుగా ఒక మాట. ఈ వీడియోలో కనిపించే బ్రాకెట్ల కిట్, అంటే కమాను పట్టీలు కూర్చునే పెర్చ్‌లు, యూ బోల్టులు, అడుగు పలకలు, తయారీదారు నాకు ఉచితంగా పంపించారు. యాక్సిళ్లు, అంటే ఇరుసులు, మాత్రం నేను కొనుక్కున్నవి. ఏం చెప్పాలో వాళ్లు అడగలేదు. అడిగినా నా అభిప్రాయం ఇదే.

కొలతల పట్టికలు మీరు ఇప్పటికే చూసి ఉంటారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. నా బండి పాత విల్లీస్ జీపు, సీజే-3బీ. రెండు చక్రాల మధ్య వెడల్పు 48 అంగుళాల పైచిలుకు. 1982 నుంచి సీజే-7 జీపులకు వైడ్ ట్రాక్, అంటే వెడల్పు, యాక్సిళ్లు వచ్చాయి. వాటి వెడల్పు 55 అంగుళాల పైన, అంటే పక్కకు మూడున్నర అంగుళాల దాకా ఎక్కువ. చక్రం బోల్టులు రెండింటికీ అయిదే, వాటి వలయం అయిదున్నర అంగుళాలే. పాత చక్రాలు అలాగే ఎక్కుతాయి. ఎక్కువమంది ఈ జత వైపు చూడటానికి కారణం అదే.

చక్రానికీ హబ్బుకూ మధ్య స్పేసర్ పెడితే సరిపోతుంది కదా, ఇంత శ్రమ ఎందుకు అని చాలామంది అడిగారు. నేనూ రెండేళ్లు స్పేసర్లతోనే తిరిగాను. పక్కకు అంగుళంన్నర. చూడటానికి బండి దర్జాగా నిలబడింది. కానీ స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఒక గీత చుట్టూ తిరుగుతుంది. ఆ గీతను కిందికి పొడిగిస్తే నేలను ఎక్కడ తాకుతుందో, టైరు నడిమధ్య అక్కడికి ఎంత దగ్గరగా ఉంటే స్టీరింగ్ అంత సౌమ్యంగా ఉంటుంది. స్పేసర్ టైరును ఆ గీత నుంచి దూరంగా నెడుతుంది. ఒక చక్రం రాయికి తగిలిందంటే ఆ దూరమే మీటకర్రలా పనిచేసి స్టీరింగ్ చక్రాన్ని చేతుల్లోంచి లాగేస్తుంది. బొటనవేళ్లు స్టీరింగ్ లోపలికి పెట్టడం నేను ఆ రెండేళ్లలోనే మానేశాను. వెడల్పు యాక్సిల్‌లో ఆ గీత కూడా చక్రంతో పాటే బయటికి జరుగుతుంది. వెడల్పు ఇరుసులో ఉండాలి, చక్రం దగ్గర కాదు. ఈ విషయంలో నాకు ఇక రెండో ఆలోచన లేదు.

ఇప్పుడు ముందు యాక్సిల్. దాని మోడల్ పేరు డానా 30. దీన్ని బిగించడం గురించి ఎంతసేపైనా మాట్లాడగలను. పాత పెర్చ్‌లు నా చాసిస్ కమాన్ల కిందికి రావు, కోసి తీసేయాలి. కొత్తవి పెట్టేటప్పుడు కుడి పెర్చ్ డిఫరెన్షియల్ గుండు (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల గూడు) పక్కకే వస్తుంది. అక్కడ అది పోత ఇనుము. వేడి చేయకుండా వెల్డింగ్ పెడితే పగులుతుంది.

అసలు కష్టం కోణాలది. యాక్సిల్‌ను వెనక్కి వాల్చితే స్టీరింగ్ తనంతట తాను నిటారుకు వచ్చే గుణం పెరుగుతుంది. కానీ అదే వాలుతో పినియన్ ముక్కు, అంటే షాఫ్ట్ వచ్చి బిగిసే చోటు, కిందికి దిగుతుంది, ఇంజన్ శక్తిని యాక్సిల్ దాకా తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ (షాఫ్ట్ చివరి కీలు) మీద కోణం పెరుగుతుంది. ఒకటి బాగుచేస్తే ఇంకొకటి చెడుతుంది. అందుకని పెర్చ్‌లను వదులుగా ఉంచి, బండి బరువంతా కమాన్ల మీదికి దించి, కోణం కొలిచి, అప్పుడు మాత్రమే వెల్డింగ్ చుక్కలు పెట్టాను. ఆ తరువాత ఒక అంగుళం ఇటు, ఒక అంగుళం అటు, మధ్యలో చల్లారనిచ్చి పూర్తిచేశాను. ఒకేసారి కాలిస్తే గొట్టం వంగుతుంది, ఆ వంపు టైరు అరుగుదలలో బయటపడుతుంది. రెండు రోజులు పట్టింది. ప్రతి నిమిషమూ దానికి తగినదే.

కిట్ సంగతికి వస్తే, పలకల మందం బాగుంది, యూ బోల్టుల మరలు శుభ్రంగా ఉన్నాయి. నాకు కోపం తెప్పించింది ఒకే ఒక్క రంధ్రం. కమాను సెంటర్ బోల్టు తల పెర్చ్‌లో దూరే రంధ్రం అది. యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరగకుండా స్థానం చూపేది ఆ తలే. కిట్‌లోని రంధ్రం ఒకటిన్నర మిల్లీమీటర్లు పెద్దది. వేలితో కదిపితే టిక్కు టిక్కుమని ఆడింది. యూ బోల్టులు బిగిస్తే కదలదని రాసి పంపారు. బిగింపు ఎప్పుడో ఒకసారి సడలుతుంది, అప్పుడు యాక్సిల్ వంకరగా కూర్చుంటుంది, బండి పక్కకు లాగుతుంది. నాలుగు చిన్న బుష్‌లు లేతు మీద చేయించి దూర్చాను. ఉచితంగా వచ్చింది కదా అని ఈ మాట దాచను.

స్టీరింగ్ కూడా మార్చాల్సిందే. సీజే-3బీలో మధ్యన ఉండే బెల్ క్రాంక్ (అటూ ఇటూ తిరిగే మీట) నుంచి రెండు రాడ్లు చక్రాలకు వెళతాయి. కొత్త యాక్సిల్ ఆ పద్ధతికి ఒప్పుకోదు. సాగినా (Saginaw) కంపెనీ స్టీరింగ్ బాక్సు పెట్టాను. దాని గురించి విడిగా వీడియో చేస్తాను.

నడిపితే ఎలా ఉంది? తొలి మలుపులోనే నవ్వు వచ్చింది. పాత 9 అంగుళాల డ్రమ్ముల చోట డిస్కు బ్రేకులు. పక్కవాలులో భుజాలు బిగబట్టుకోవడం లేదు. లెక్క వేసి చూడండి: బరువు కేంద్రం 26 అంగుళాల ఎత్తులో ఉందనుకుంటే, పాత వెడల్పుతో బండి 43 డిగ్రీల దగ్గర తిరగబడే అంచుకు వస్తుంది, కొత్త వెడల్పుతో దాదాపు 47. ఇది నిలబడి ఉన్న బండి లెక్క, కదిలేటప్పుడు అంత దొరకదు. పెద్ద టైర్ల కోసం బండిని రెండంగుళాలు లేపితే అందులో రెండు డిగ్రీలు తిరిగి ఇచ్చేసినట్టే. అందుకే నేను లేపలేదు.

యాక్సిల్ గేర్ నిష్పత్తి, అంటే చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో ఆ లెక్క, మరచిపోకండి. నా బండికి ఫ్యాక్టరీలో వచ్చింది 5.38. నాకు దొరికిన జతలో 3.31. మొదటి గేర్ 2.80, లో రేంజ్ (నెమ్మదిగా, బలంగా నడిచే గేరు) 2.46తో గుణిస్తే పాతది 37, కొత్తది 23 కూడా లేదు. రాళ్ల మీద పాకాల్సిన చోట బండి పరిగెత్తింది. ముందూ వెనకా రెండింటిలోనూ 4.88 పెట్టాక గాని నాకు ఊపిరి ఆడలేదు.

ఇక వెనక యాక్సిల్. దీని మీద నా చిరాకు ఇంకా తగ్గలేదు. సీజే-3బీలో ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే ముందు వెనక యాక్సిళ్లకు శక్తి పంచే పెట్టె, డానా 18. దాని వెనక షాఫ్ట్ మధ్యలోంచి రాదు, కుడి పక్క నుంచి వస్తుంది. అందుకే పాత వెనక డిఫరెన్షియల్ కూడా కుడి పక్కకే ఉంటుంది. ఈ జతలోని వెనక యాక్సిల్, ఏఎంసీ 20, మధ్య నుంచి షాఫ్ట్ వచ్చే బళ్ల కోసం చేసింది. కలిపితే షాఫ్ట్ పక్కకు బెత్తెడు పైనే వాలుతుంది. రెండు చివర్లా కోణాలు సమానంగా ఉంటే వణుకు పోతుంది, నిజమే. కానీ ఈ బండి షాఫ్ట్ చాలా పొట్టిది. పక్క వాలుకు పైవాలు కలిసి, చక్రం గుంతలో దిగినప్పుడు ఇంకా పెరిగి, క్రాస్ బేరింగులు నలిగిపోతాయి. పైగా అందులో షాఫ్టూ హబ్బూ రెండు ముక్కలు, కీతో బిగించినవి. అమ్మేవాళ్లు జతగా అమ్ముతారు, ఈ పక్కవాలు మాట ఎవరూ ఎత్తరు. చెప్పాల్సిన మొదటి మాట అదే కదా!

కాబట్టి మీ బండిలో డానా 18 ఉంటే ముందుది ఒక్కటే కొనండి. కళ్లు మూసుకుని కొనండి. ట్రాన్స్‌ఫర్ కేస్ డానా 20కి మార్చే ఉద్దేశం ఉంటే జత తీసుకోవచ్చు.

ప్రస్తుతానికి నా బండి వెనక పాత యాక్సిల్, డానా 44, మళ్లీ ఎక్కింది. ముందు వెడల్పు, వెనక సన్నం. ఇసుకలో వెనక చక్రాలు వేరే దారి తొక్కుతున్నాయి, ఇంజన్ ఎక్కువ కష్టపడుతోంది. ఇలా ఎక్కువకాలం నడపను. అదే డానా 44 గొట్టాలను రెండు పక్కలా సమానంగా పొడిగించి, గుండును కుడి పక్కనే ఉంచి, ఒకే ముక్క షాఫ్టులు వేయించబోతున్నాను. ఇదిగో, గొట్టం మీద సుద్దతో గీసిన గుర్తులు. కోత ఇక్కడే.