కుంచం చిన్నదైతే ఆ మాట చెప్పాలి

వేదిక మీదున్న పెద్దలకు, ఎండనబడి వచ్చిన తల్లిదండ్రులకు, మా కావలి పిలకాయలందరికీ నమస్కారం. కంపైలర్ల గురించి, అంటే మనం రాసిన ప్రోగ్రాంని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క రొటీన్ గురించే చెబుతాను. ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సిస్టమ్ క్లాక్, గడియారం చూసి చెప్పే రొటీన్. ఇప్పటి లెక్క ఎంత, సెకనుకు ఎన్ని లెక్కలు, ఎందాకా పోయి మళ్లీ సున్నాకొస్తుంది, ఈ మూడూ చెప్పడమే దాని పని.

మా నాయన వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు, ‘లాభం’ అనేవాడు. లాభం, రెండు, మూడు... మధ్యలో ఎవరైనా పలకరిస్తే కుంచం చేతిలోనే ఆగిపోయేది. లెక్క తప్పిందని అనుమానమొస్తే రాశంతా మళ్లీ కొలిచేవాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, కాలువ నీటి లెక్కల ప్రోగ్రాం ఎంతసేపు నడుస్తుందో చూడమన్నారు. మెమరీ మిగులుతుందని రెండు బైట్ల పూర్ణాంకం పెట్టాను. అందులో 32767 దాటి పట్టదు. గడియారమేమో మిల్లీసెకన్లలో తిరుగుతోంది. మొదలైనప్పుడు 30000, అయిపోయేసరికి 40000. ఆ కంపైలర్ పై బిట్లు కోసేసి, కిక్కురుమనకుండా మైనస్ 25536 చేతిలో పెట్టింది. పెద్ద పూర్ణాంకంలోకి మార్చి తీసివేస్తే మైనస్ 55536! తీసివేతలు కూడా రావా అని పై అధికారి అందరి ముందూ అన్నాడు. ఆరు రాత్రులు నిద్ర లేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

కాగితాలు తీయండమ్మా, మీరే చెయ్యండి. 32767 తర్వాత సున్నాకి తిరిగొచ్చి ఉంటే 40000 కాస్తా 7232 అయ్యేది. అందులోంచి 30000 తీసేసి, 32768 కలపండి. ఎంతొచ్చింది? పదివేలు. అంటే పది సెకన్లు, సరైన జవాబు. అయితే 32 సెకన్లు దాటిన పనికి ఈ కిటుకూ పనికిరాదు.

ఒక్క బైటైతే మరీ కష్టం. 127 పట్టే దాంట్లో సెకనుకు వెయ్యి అనే రేటే పట్టదు. సెకనుకు పది చొప్పున తిప్పితే 12.8 సెకన్లకే మొదటికొస్తుంది. అంతకంటే ‘నా దగ్గర గడియారం లేదు’ అని చెప్పడం మేలు. దానికి ఫోర్‌ట్రాన్ ప్రమాణంలోనే, అంటే ఆ భాష నియమావళిలోనే దారుంది: లెక్క స్థానంలో ఆ రకంలోని అతి పెద్ద సంఖ్యకు మైనస్, మిగతా రెండూ సున్నా. 2023 ప్రమాణం డిఫాల్ట్ పూర్ణాంకం, అంటే సైజు చెప్పకపోతే వచ్చే మామూలు పూర్ణాంకం కంటే చిన్నవి ఈ రొటీన్‌కి వాడొద్దనే చెప్పింది. కానీ పాత ప్రోగ్రాములు ఎక్కడికి పోతాయి? వాటినీ కంపైల్ చెయ్యాల్సిందేగా!

రేపు మీలో ఎవరైనా కంపైలర్ రాస్తే, చిన్న రకం కనబడగానే అక్కడే ఆపి చెప్పండి. వాడేవాళ్లు ఎనిమిది బైట్లు పెట్టుకోండి, సెకన్లు కావాలంటే రేటు సున్నా కాదని చూసుకున్నాకే దాంతో భాగించండి. నా పాత ప్రోగ్రాం తెచ్చాను. భోజనాలయ్యాక ల్యాబ్‌కి రండి, నడిపి చూద్దాం.