బోనా, గూడా? ముంత వచ్చిన తొమ్మిదో రోజు

తమ్ముడు: రికార్డవుతోందా? ఆ, ఎర్ర లైటు వెలిగింది. నమస్తే అండీ, విశాఖ నుంచి అక్కాతమ్ముళ్ళం మళ్ళీ వచ్చాం.

అక్క: కొంచెం చిన్నగా మాట్లాడు. ముంత పడుకుంది.

తమ్ముడు: ముంత అంటే మా ఇంటికి కొత్తగా వచ్చిన కుక్క. ఇవాళ్టి సంగతి దాని గురించే. కొత్తగా ఇంటికొచ్చిన కుక్కకి క్రేట్, అంటే తలుపున్న కడ్డీల పెట్టె, ఎలా అలవాటు చెయ్యాలో మొదటి రోజు నుంచి వరసగా చెప్పుకుందాం అనుకున్నాం. చాలామంది అడిగారు.



ముందు ఒక్కమాట చెప్పేస్తాను. లాసన్స్ బే, పెదవాల్తేరు, ఆ సముద్రం వైపు ఉండేవాళ్ళు ఇనప క్రేట్ కొనేముందు కడ్డీలు అతికించిన చోట గోరుతో గీకి చూడండి. పైపూత లేచిందంటే ఉప్పు గాలికి రెండు వానలు పడేలోపు తుప్పు...

అక్క: పది రూపాయలు.

తమ్ముడు: తుప్పు మాటెత్తినందుకు జరిమానా వేస్తానక్కా, కానీ నిజం. కుక్కలు కడ్డీలు కొరుకుతాయి. ఆ పెచ్చులు నోట్లోకి పోతాయి.

అక్క: కొలత చెప్పు ముందు. జనం అక్కడే పొరపాటు పడుతున్నారు. ముంతకి ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా టేపు పెడితే 29 అంగుళాలొచ్చింది. దానికి ఇంకో నాలుగు కలుపుకోవాలి. అందుకని 36 అంగుళాలది తెచ్చాం. లోపల తల వంచకుండా నిలబడగలగాలి, గుండ్రంగా తిరగగలగాలి, కాళ్ళు చాపుకుని పడుకోగలగాలి. మరీ పెద్దది తెస్తే ఒక మూల పడుకుని ఇంకో మూల పాడు చేసేస్తుంది.

తమ్ముడు: అమ్మ ఏమందో చెప్పు.

అక్క: గుమ్మంలో పెట్టీసరికి అమ్మ చూసి, "ఇదేటే, బోను తెచ్చేవు? ఏం నేరం చేసిందని?" అంది. పొద్దల్లా మళ్ళీ మాట్లాడలేదు.

తమ్ముడు: అమ్మని తప్పు పట్టడానికి లేదక్కా. మనకి బోనంటే ఏంటి? ఎలకల బోను, జూలో పులి బోను, కోర్టులో ముద్దాయి బోను. ఆ మాటలోనే పట్టుబడ్డం ఉంది.

అక్క: అమ్మ భయానికి చట్టంలో కూడా చోటుంది. జంతువుల మీద క్రూరత్వాన్ని నిరోధించే 1960 నాటి చట్టంలో పదకొండో సెక్షన్ ఉంది కదా, కదలడానికి సరిపడా ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువుని పెట్టడం నేరం అంటుంది. ఎక్కువసేపు పొట్టి గొలుసుతో కట్టీడం కూడా నేరమే. గొలుసు గురించి మాత్రం ఎవరూ అడగరు. వీధికి నాలుగిళ్ళల్లో గేటుకి కట్టేసుంటాయి. ఎవరికీ అది తప్పుగా కనపడదు.

తమ్ముడు: గొలుసు దగ్గరికి తర్వాత వద్దాం.

అక్క: రావాలి. సరే, మొదటి మూడు రోజులు తలుపు ముయ్యనే లేదు. తలుపుకి తాడు కట్టి వెనక్కి లాగి ఉంచాను, ఊగి చప్పుడు చెయ్యకుండా. ఆ చప్పుడుకే బెదిరిపోయేది. పెరుగన్నం గిన్నె మొదట గుమ్మం బయట, తర్వాత గుమ్మం మీద, తర్వాత లోపల. ముందు కాళ్ళు రెండూ లోపల పెట్టి, వెనక కాళ్ళు బయట ఉంచి మెడ సాగదీసుకుని తినేది. నెట్టలేదు. నాలుగో రోజు తనే మొత్తం లోపలికెళ్ళింది. అప్పుడు తింటున్నంతసేపూ తలుపు మూసి, గిన్నె నాకడం అవ్వగానే తీసేశాను. మర్నాడు తిన్నాక ఒక్క నిమిషం, ఆ తర్వాత అయిదు నిమిషాలు.

తమ్ముడు: ఇంతవరకూ బాగానే ఉంది. ఆ రాత్రి సంగతి...

అక్క: అయిదో రాత్రి, తలుపు మూసి పడుకోబెట్టాం. నువ్వు హాల్లో పడుకున్నావు. రెండు గంటలకి ముంత ఏడిస్తే, "వదిలీ, అదే ఊరుకుంటుంది" అన్నావు. నాకింకా మంటగానే ఉంది.

తమ్ముడు: తెలుసు, అందుకే ఎత్తాను. ఏడిచినప్పుడల్లా తలుపు తీస్తే, ఏడిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది. ఇది నా సొంత మాట కాదు, కుక్కలకి శిక్షణ ఇచ్చేవాళ్ళు చెప్పేదే.

అక్క: మారాం చేసే కుక్కకి ఆ మాట వర్తిస్తుంది. మారాం అయితే కాసేపు మూలుగుతుంది, ఆగి నీ వైపు చూస్తుంది, మళ్ళీ మూలుగుతుంది. అలా ఆగినప్పుడు తలుపు తీసి బయటికి తీసుకెళ్ళు, పని కానిచ్చుకుంటే మళ్ళీ లోపలికి. ఆటల్లేవు, కబుర్లు లేవు. ఆ రాత్రి ముంత అలా ఉందా? మెడంతా చొంగ. రొప్పుతోంది. కింద ట్రే గోళ్ళతో గీకేస్తోంది, కడ్డీ పళ్ళతో పట్టుకుని గుంజుతోంది. అలా గుంజి పళ్ళు విరగ్గొట్టుకునే కుక్కలున్నాయి.

తమ్ముడు: నాకు హాల్లోంచి ఏడుపొక్కటే వినపడింది.

అక్క: మరి లేచి రావాలి కదా! వినపడినదాన్నిబట్టి తీర్పు చెప్పేస్తే ఎలా?

తమ్ముడు: ...నిజమే.

అక్క: తలుపు తీసేశాను. క్రేట్‌ని మంచం పక్కకి లాక్కొచ్చి, తలుపు అలాగే తెరిచి ఉంచి, చెయ్యి కిందికి వేలాడేసి పడుకున్నాను. మొదటి రోజే మంచం పక్కన పెట్టాల్సింది, వంటింటి పక్క గదిలో పెట్టి తప్పు చేశాను. గాజువాకలో దాన్ని సాకిన ఆవిడ ఇంట్లో ఇంకో ఆరు కుక్కల మధ్య పడుకునేది. ఒక్కసారిగా ఎవరి ఊపిరీ వినపడకపోతే ఎలా ఉంటుంది?

తమ్ముడు: దాంతో మూడు రోజుల పని వెనక్కి పోయింది.

అక్క: పోతే పోయింది. సింగడికి మనం మూడు రోజులు కూడా ఇవ్వలేదు.

తమ్ముడు: అక్కా.

అక్క: అనుకున్నాం కదా ఇవాళ చెప్పుకోవాలని.

తమ్ముడు: అనుకున్నాం. పాతవాళ్ళకి సింగడు తెలుసు. తెలియనివాళ్ళకి, మా పెదవాల్తేరు ఇంట్లో కుక్క. 2014 అక్టోబరు 12, ఆదివారం, విశాఖ మీదకొచ్చిన తుపాను హుద్‌హుద్. మీలో చాలామందికి ఆ రోజు ఎక్కడున్నారో గుర్తుండే ఉంటుంది. పొద్దున్నుంచీ ఆ హోరు. సింగడు వరండాలో గొలుసుతో ఉన్నాడు. తెల్లారకుండానే లోపలికి తేవాల్సింది.

అక్క: నాన్న తెమ్మంటూనే ఉన్నారు.

తమ్ముడు: నేనెళ్ళి విప్పాను.

అక్క: నువ్వు కాదురా. నేను విప్పాను.

తమ్ముడు: అక్కా, నా చేతి మీద మచ్చ ఇంకా ఉంది.

అక్క: మచ్చ తర్వాత రెండోసారి వెళ్ళినప్పటిది. మొదట పట్టీ నేను తీశాను.

తమ్ముడు: పట్టీ రాలేదు, తడిసి బిగుసుకుపోయింది. గోడకున్న కొక్కెం దగ్గర విప్పాలని చూశాను. తుప్పు పట్టి కదలదు. రాయి తెచ్చి కొట్టాను. పక్కింటి రేకులు ఎగిరొచ్చి కాంపౌండులో పడుతున్నాయి, వాడు నా కాళ్ళ మధ్య దూరిపోతున్నాడు, అది ఊడదు. ఎన్నిసార్లు కొట్టానో తెలీదు.

(కాసేపు మాటల్లేవు)

తమ్ముడు: పది రూపాయలు అనవేం?

అక్క: అనను.

తమ్ముడు: ఊడగానే బయటికి పారిపోతాడనుకున్నాను. నా వైపు కూడా చూడకుండా నేరుగా ఇంట్లోకి దూరి, మెట్ల కింద పాత గోనెసంచులుంటాయి చూడు, అక్కడ ముడుచుకున్నాడు. మధ్యాహ్నం గాలి ఒక్కసారి ఆగింది, తుపాను కన్ను మన మీదుగా పోతున్నప్పుడు. జనమంతా వీధిలోకొచ్చేశారు, అయిపోయిందనుకుని. నేను కూడా పిలిచాను వాణ్ణి. రాలేదు.

అక్క: తర్వాత గాలి అటువైపు నుంచి మొదలైంది.

తమ్ముడు: వాడు మాత్రం అక్కడే ఉన్నాడు. కరెంటు లేని ఆ రోజులన్నీ అక్కడే. ఆ తర్వాత అయిదేళ్ళు, పోయేదాకా, దీపావళి వచ్చినా, ఉరిమినా ఆ మెట్ల కిందే. ఎవరూ నేర్పలేదు. మూడు వైపులా గోడ, పైన మెట్లు, ఒకవైపు తెరిచి ఉండేది. ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచొచ్చేవాడు.

అక్క: నేను అమ్మకి చెప్పింది ఇదే. సింగడి మెట్ల కింద చోటు గుర్తుందా అన్నాను. అమ్మ లోపలికెళ్ళి నాన్న పాత పంచె తెచ్చి క్రేట్ మీద కప్పింది.

తమ్ముడు: అది నాకు చెప్పలేదు నువ్వు.

అక్క: నిన్న సాయంత్రం సంగతి. మూడు వైపులా కప్పి, ఎదురు వదిలేసింది. పల్చటి పంచె కాబట్టి సరిపోయింది, దుప్పటి మాత్రం వద్దండీ. మన ఊరి ఉక్కలో కుక్క పరిస్థితి వేరు. మనలాగ దానికి ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పితే ఆ తడి ఆరి చల్లబడాలి. గాలిలోనే ఇంత తేమ ఉంటే ఏం ఆరుతుంది? క్రేట్ ఫ్యాను గాలి తగిలే చోట ఉండాలి. బాల్కనీలో పెట్టొద్దు.

తమ్ముడు: బాల్కనీలో పెడితే ఇంకోటి కూడా...

అక్క: పది రూపాయలు.

తమ్ముడు: ఇంకా అననేలేదు!

అక్క: అనబోయేవు. మిగతావి గబగబా చెప్పు, టైమవుతోంది.

తమ్ముడు: క్రేట్‌లోకి పంపేముందు మెడపట్టీ తీసెయ్యండి, కడ్డీకి తగులుకుంటే ఊపిరాడదు. కోపమొచ్చినప్పుడు అందులోకి తొయ్యొద్దు. పగలు మూడు నాలుగు గంటలకి మించొద్దు. మధురవాడ నుంచి ఒకాయన, ఆఫీసుకెళ్ళే తొమ్మిది గంటలూ ఉంచొచ్చా అని అడిగారు. వద్దండీ. మధ్యలో వచ్చి బయటికి తిప్పే మనిషిని చూసుకోండి, అప్పటిదాకా ఒక గది ఇవ్వండి.

అక్క: మూడు-మూడు-మూడు చెప్పు.

తమ్ముడు: ఆ, కుక్కల్ని దత్తతిచ్చేవాళ్ళు చెప్పే లెక్క. బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనిపించడానికి మూడు నెలలు. అటూ ఇటూ అవుతుంది. మనది ఇంకా తొమ్మిదో రోజు.

అక్క: నిన్న రాత్రి తలుపు తెరిచే ఉంది. మూడింటికి లేచి చూస్తే పంచె కింద ముక్కు ఒక్కటే కనపడింది.

తమ్ముడు: తలుపు మూసి ఎప్పుడు చూస్తావు?

అక్క: తొందరేం లేదు. వచ్చే వారం, తిన్నాక రెండు నిమిషాలు. మంచం పక్కనే. అయినా పట్టీ తీసింది నేనే.

తమ్ముడు: అక్కా, పట్టీ రాలేదంటే... ఆగు. లేచింది.

అక్క: తలుపు దగ్గరికెళ్తోంది. నేల వాసన చూస్తోంది, చూడు.

తమ్ముడు: తాడెక్కడ పెట్టేవు?

అక్క: నీ కుర్చీ వెనక. తొందరగా, లిఫ్టు కింద ఉంది, మెట్ల మీద నుంచి పద. చెప్పులు తర్వాత వేసుకుందువు గాని, ముందు రికార్డింగ్ ఆపు.