షికాగో నుంచి మొబైల్ దాకా: సొంత పడవలో ఇద్దరే నదులు దాటాలంటే

నమస్కారం. సొంత పడవలో, భార్యాభర్తలు ఇద్దరే, షికాగో నుంచి గల్ఫ్ తీరంలోని మొబైల్ నగరం దాకా నదుల మీదుగా ఎలా వెళ్ళాలో ఈ వీడియోలో చూపిస్తున్నాం. అమెరికా తూర్పు భాగాన్ని నీటి మీదే చుట్టి వచ్చే ‘గ్రేట్ లూప్’ దారి సుమారు 6,000 మైళ్ళు ఉంటుంది. అందులో చాలామందికి భయం సరస్సులంటే, సముద్రమంటే. నా దృష్టిలో ఎక్కువ నేర్చుకుని రావలసింది ఈ నదుల దగ్గరే.

తెర మీద మ్యాపు చూడండి. ఇల్లినాయ్ జలమార్గంలో 330 మైళ్ళకు పైగా దిగువకు వెళ్ళి, గ్రాఫ్టన్ దగ్గర మిసిసిపిలో కలుస్తాం. మిసిసిపిలో ఇల్లినాయ్ రాష్ట్రపు కైరో ఊరి దాకా వాలుకు దిగుతాం. అక్కడ ఎడమకు తిరిగి ఒహాయో నదిలో ఎదురెక్కాలి. టెన్నెసీ నదిలోనూ ఎగువకే. చివరికి టెన్నెసీ–టాంబిగ్బీ జలమార్గంలో మళ్ళీ దిగువకు. వాలుకు పోతున్నామా, ఎదురెక్కుతున్నామా అన్నదాన్ని బట్టే ఆ రోజు వేగం, ఇంధనం, రాత్రి ఆగే చోటు అన్నీ మారిపోతాయి.

బయలుదేరడానికి సెప్టెంబర్ మంచి కాలం. మిషిగన్ సరస్సు మీద చలికాలపు గాలులు ముదరకముందే నదిలోకి వచ్చేస్తాం. అలాగని మరీ తొందరపడి గల్ఫ్ చేరకూడదు, అక్కడ తుపానుల కాలం నవంబర్ 30 దాకా ఉంటుంది. ఫలానా తేదీకి ముందు దక్షిణానికి రాకూడదన్న షరతు మీ బీమా పాలసీలో ఉందేమో చదివి చూసుకోండి.

పడవ కొనకముందే చూసుకోవలసింది దాని ఎత్తు. షికాగో దాటాక 300.6 మైలు వద్ద (ఈ అంకెను గ్రాఫ్టన్ నుంచి ఎగువకు లెక్కిస్తారు) పైకి లేవని రైలు వంతెన ఒకటి ఉంది. నీటికీ దానికీ మధ్య జాగా సుమారు 19 అడుగుల 6 అంగుళాలు. చుట్టూ తిరిగి పోవడానికి వేరే దారి లేదు. యాంటెన్నాలు, రాడార్ స్తంభం దించాక పడవ ఎంత ఎత్తు ఉందో మీరే టేపు పెట్టి కొలవండి, అమ్మినవాళ్ళ కాగితంలోని అంకెతో సరిపెట్టుకోకండి. ఆ తర్వాత రోమియోవిల్ దగ్గర కార్ప్ జాతి చేపలు మిషిగన్ సరస్సులోకి పాకకుండా నీటిలో కరెంటు పెట్టారు. అక్కడ లైఫ్ జాకెట్ వేసుకుని పడవ లోపలే ఉండాలి. నీటిలో చెయ్యి పెట్టడం, బకెట్‌తో నీళ్ళు తోడడం చేయకూడదు.

సరుకులన్నీ షికాగోలో ఉండగానే తెచ్చుకోండి. డెవాన్ అవెన్యూలో కందిపప్పు, చింతపండు, ఇడ్లీ రవ్వ, పచ్చళ్ళు అన్నీ దొరుకుతాయి. ఆ తర్వాత వచ్చేవి చాలావరకు చిన్న ఊళ్ళు. మేము ఇంజను వేయకముందే కుక్కరు దించేస్తాం. వంట కాగానే ప్రొపేన్ సిలిండర్ దగ్గరి వాల్వు కట్టేయాలి, పొయ్యి ఆర్పితే చాలదు. ఆ గ్యాసు గాలి కంటే బరువు కాబట్టి లీకైతే పడవ అడుగున పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇక ఇద్దరి సంగతి. చాలా జంటల్లో నడపడం భర్త పని, తాళ్ళు పట్టడం భార్య పని అయిపోతుంది. ఇది నాకు ఎంతమాత్రం నచ్చని ఏర్పాటు. ఆయన జారి నీళ్ళలో పడితే, పడవను వెనక్కి తిప్పి తీసుకురావలసింది ఆమే. రేడియోలో పిలవవలసిందీ ఆమే. ఆ పని ఆ క్షణంలో నేర్చుకునేది కాదు. అందుకే మేము ప్రతి లాకులోనూ, అంటే నీళ్ళు నింపి, వదిలి పడవలను ఎక్కించి దించే తలుపుల గదిలోనూ, చోట్లు మార్చుకుంటాం. ఉదయం చుక్కాని నా చేతిలో ఉంటే మధ్యాహ్నం మా ఆయన చేతిలో. ఇద్దరికీ హెడ్‌సెట్లు ఉంటాయి. ఇంజను హోరులో అరుచుకుంటే మాట సగమే వినిపిస్తుంది, పైగా అరుపు కోపంలా తోస్తుంది.

గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్ళకు లాకులు కొత్త కాదు. ధవళేశ్వరంలో, దుగ్గిరాలలో ఉన్న సూత్రమే ఇక్కడా. అయితే ఇల్లినాయ్ మీది లాకు సాధారణంగా 600 అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పు ఉంటుంది. వీటిని నడిపేది సైన్యపు ఇంజనీర్ల విభాగం. మనం రుసుము కట్టనక్కరలేదు, కానీ వరుసలో మన స్థానం చివరిది. ముందు సైనిక పడవలు, తర్వాత ప్రయాణికుల పడవలు, తర్వాత బార్జీలు, అంటే ఒకదానికొకటి కట్టి నెట్టుకుపోయే సరుకు పడవలు, ఆఖరున మనం. పదిహేను బార్జీల గుంపు 600 అడుగుల లాకులో ఒకేసారి పట్టదు, రెండుగా విడదీసి దింపుతారు. అలాంటిది మన ముందుంటే గంటన్నర, రెండు గంటలు పోతుంది. విసుక్కోకుండా ఆ సమయాన్ని రోజు లెక్కలో ముందే వేసుకోండి.

ఇప్పుడు కెమెరా మా డెక్కు మీద ఉంది, జాగ్రత్తగా చూడండి. లాకు కనిపించకముందే రేడియోలో లాకు మాస్టర్‌ను పిలిచి, దిగువకు వెళ్ళే విహార పడవ అని చెప్పి, ఏ గోడకు కట్టాలో అడుగుతాం. పడవ గోడకు రాసుకోకుండా ఫెండర్లు, అంటే మెత్తని దిండ్లు, పక్కన వేలాడదీస్తాం. లైఫ్ జాకెట్లు వేసుకుంటాం. పచ్చ దీపం వెలిగాకే లోపలికి, అదీ చాలా నెమ్మదిగా. గోడలో నిలువు గాడి ఉంది కదా, అందులో నీటితో పాటు కిందికీ పైకీ కదిలే ఇనుప గుంజ ఉంటుంది. పడవ మధ్యలోని తాడును ఆ గుంజ చుట్టూ తిప్పి, కొసను మళ్ళీ పడవకే తెచ్చి చేత్తో పట్టుకోవాలి. ముడి వేయకండి. గుంజ ఎప్పుడైనా గాడిలో ఇరుక్కుపోతే నీళ్ళు దిగుతూనే ఉంటాయి, పడవ మాత్రం తాడుకు వేలాడుతుంది. అందుకే నా నడుముకు ఎప్పుడూ కత్తి ఉంటుంది. గుంజ కదులుతున్నప్పుడు ఇనుము కీచుమని అరుస్తుంది, కంగారు పడకండి. ఆ శబ్దం ఆగిపోయినప్పుడే తల ఎత్తి గుంజ వైపు చూడాలి.

బార్జీల గుంపు దగ్గర మర్యాద కంటే భౌతికశాస్త్రం ముఖ్యం. ఒక్కో బార్జీ 195 అడుగులు, మోసేది సుమారు 1,500 టన్నులు. పదిహేనింటిని ఒకే టగ్గు నెడుతుంది. ఆపాలంటే మైలు దాకా పట్టవచ్చు. ముందు భాగానికి దగ్గరగా ఉన్న చిన్న పడవ ఆ కెప్టెన్‌కు కనిపించదు. చుట్టుపక్కల పడవల పేర్లు, చోట్లు చూపే ఏఐఎస్ తెర మీద టగ్గు పేరు చూసి, రేడియో ఛానల్ 13లో పేరు పెట్టి పిలిచి, ఏ పక్క నుంచి రమ్మంటారో అడగండి. ‘వన్ విజిల్’ అంటే అతను మన ఎడమ పక్కన ఉండేలా వెళ్ళాలి. ‘టూ విజిల్’ అంటే కుడి పక్కన. విన్నది తిరిగి చెప్పండి. వాళ్ళు రోజూ ఇదే నీటి మీద బతుకుతున్నవాళ్ళు, అడిగినవాళ్ళతో చాలా మంచిగా మాట్లాడతారు.

మిసిసిపిలో మొదట గుర్తుంచుకోవలసింది మెల్ ప్రైస్ లాకు తర్వాత వచ్చే చెయిన్ ఆఫ్ రాక్స్ కాలువ. పెద్ద బోర్డు ఉంటుంది, ఎడమకు కాలువలోకి తిరగాలి. నదిలోనే సూటిగా పోతే రాళ్ళ ఆనకట్ట ఉంది. సెయింట్ లూయీ కింద ప్రవాహం గంటకు మూడు నుంచి ఐదు మైళ్ళు, నీళ్ళలో కొట్టుకువచ్చే దుంగలు. చీకటిలో నడపవద్దు. ఒడ్డు నుంచి నదిలోకి అడ్డంగా వేసిన రాతి గట్లు నీటి కింద కనిపించవు, కాబట్టి గుర్తులు పెట్టిన దారి దాటకండి. దిగువకు వెళ్తున్నప్పుడు ఎర్ర గుర్తులు ఎడమన, పచ్చ గుర్తులు కుడిన ఉంటాయి.

మెల్ ప్రైస్ లాకుకు ముందే, ఆల్టన్‌లో, ట్యాంకు నిండా పోయించుకోండి. అక్కడి నుంచి పడూకా దాకా సుమారు 250 మైళ్ళు. మధ్యలో ఇంధనం దొరుకుతుందని లెక్క వేసుకోవద్దు. చివరి 46 మైళ్ళు ఒహాయోలో ఎదురీత, అక్కడ ఖర్చు పెరుగుతుంది. రాత్రికి కస్కాస్కియా లాకు బయటి గోడ దగ్గర అనుమతి అడిగి కట్టుకోవచ్చు. కేప్ జిరార్డో కిందనున్న లిటిల్ డైవర్షన్ కాలువలో లంగరు వేయవచ్చు. ప్రవాహం నుంచి పక్కకు తప్పుకున్న చోటే నిద్ర పడుతుంది.

పడూకా తర్వాత టెన్నెసీ నదిలోని కెంటకీ లాకు దగ్గర బార్జీల రద్దీ ఎక్కువ. కంబర్లాండ్ నది మీదుగా బార్క్‌లీ లాకుకు వెళ్ళడం దూరమే, కానీ మాకు అదే ఇష్టం. ఒకేసారి 57 అడుగులు ఎక్కిస్తుంది.

పిక్‌విక్ సరస్సు నుంచి టెన్నెసీ–టాంబిగ్బీ మొదలు. 1984లో పూర్తయిన ఈ మార్గం 234 మైళ్ళు, 10 లాకులు, మొత్తం 341 అడుగుల దిగుడు. వాటిలో జేమీ విటెన్ లాకు ఒక్కటే 84 అడుగులు దింపుతుంది. పైన ఎండ, కింద తడిసిన కాంక్రీటు గోడల మధ్య చల్లని నీడ. తాడు పట్టే పని మొదటిసారి చేసేవాళ్ళు ఇక్కడ పట్టకండి, అప్పటికి చెయ్యి అలవాటైనవాళ్ళే పట్టాలి. ఎపిస్ దగ్గరి తెల్లని సుద్ద కొండలు మాత్రం పొద్దుటి వెలుగులో చూసేలా ప్రయాణం కుదుర్చుకోండి. ఈ దారి మొత్తంలో నాకు అంత అందంగా కనిపించింది మరొకటి లేదు.

డెమోపోలిస్‌లో మళ్ళీ ట్యాంకు నింపుకోండి, మొబైల్ ఇంకా 217 మైళ్ళు. కాఫీవిల్ చివరి లాకు. అది దాటాక నదిలో ఆటుపోట్లు మొదలవుతాయి, కాబట్టి లంగరు వేసేటప్పుడు పోటు ఎత్తు కూడా కలుపుకుని గొలుసు వదలండి. ఫెండర్లు, లాకు తాళ్ళు ఇక లోపల పెట్టుకోవచ్చు. రేడియో మాత్రం ఛానల్ 13లోనే ఉంచండి, మొబైల్ రేవులో ఎదురయ్యేవి సముద్రపు ఓడలు.