మూడో ట్యాప్ ఏదీ?

(విశ్వకర్మ జయంతి రోజున ఒక ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ విద్యార్థులతో మాట్లాడింది)

ప్రిన్సిపాల్ గారికి, ఇన్‌స్ట్రక్టర్లకు, పిల్లలకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే పులిహోర చల్లారిపోతుంది, క్షమించండి.

పొద్దున పనిముట్లకు పసుపు కుంకుమ పెట్టి బాగా పూజ చేశారు. నేనూ దండం పెట్టుకుని ఎం10 ట్యాప్ సెట్ డబ్బా తెరిచాను, అంటే 10 మి.మీ. బోల్టు కోసం రంధ్రం లోపల త్రెడ్ (మర) కోసే మూడు పనిముట్ల డబ్బా. అందులో రెండే ఉన్నాయి! మూడోది ఏదీ? అందుకే రాసుకొచ్చిన ఉపన్యాసం జేబులోనే ఉంచేస్తున్నాను.

ట్యాప్ కాడ (షాంక్) మీద గీతలు చూడండి. ఒక గీత ఉంటే మొదటి ట్యాప్, రెండుంటే రెండోది, గీత లేకపోతే మూడోది. ఇలాంటి సెట్లలో మొదటి రెండూ పూర్తి సైజుకి కోయవు. మూడోది దిగితేనే త్రెడ్ పూర్తవుతుంది. మూడూ ఒకే సైజులో ఉండి, కొన దగ్గరి వాలు మాత్రమే మారే సెట్లూ ఉన్నాయి. వాటిలో అయితే త్రూ హోల్‌కి (ఇటు నుంచి అటు దాకా ఉండే రంధ్రానికి) మొదటిదొక్కటే సరిపోతుంది. మీ దగ్గరున్నది ఏ రకమో తెలియకుండా ట్యాప్ తిప్పే హ్యాండిల్ పట్టుకోకండి.

నేను పనిచేసిన ఒక కంపెనీలో స్టోర్స్ వాళ్లు సెట్లు విడగొట్టి ఇచ్చేవారు. ఒక కుర్రాడికి రెండు గీతల ట్యాప్ ఒక్కటే ఇచ్చారు. పాపం, కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) హౌసింగ్ హోల్స్ అన్నిటికీ త్రెడ్ దాంతోనే కొట్టాడు. బోల్టు నాలుగు చుట్లు తిరిగి పట్టేసింది. ఎవరో స్పానర్‌కి పైపు తొడిగి తిప్పారు. బోల్టు లోపలే తెగింది. మెమో ఎవరికిచ్చారనుకుంటున్నారు? ఆ కుర్రాడికే! ట్యాప్ ఇచ్చినవాడిని ఎవరూ అడగలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

డ్రిల్ బిట్ సంగతీ అంతే. బోల్టు సైజులోంచి పిచ్ (త్రెడ్‌లో పక్కపక్క చుట్ల మధ్య దూరం) తీసేయండి, అదే మి.మీ.లలో బిట్ సైజు. ఎం10కి పిచ్ 1.5, అంటే 8.5 బిట్. ఎం8కి 6.8, ఎం6కి 5. స్టోర్స్‌లో 8.5 లేదు, 8తో కానిచ్చేయ్ అంటారు. కానివ్వకండి. హోల్ చిన్నదైతే లోడ్ అంతా ట్యాప్ మీదే పడుతుంది. విరిగిన ట్యాప్ హెచ్‌ఎస్‌ఎస్ (గట్టి హైస్పీడ్ స్టీల్) కదా, మామూలు డ్రిల్ దాన్ని తొలవలేదు. అల్యూమినియంలో ఇరుక్కుంటే వేడి పటిక నీళ్లలో నానబెట్టి ఉక్కును కరిగించే చిట్కా ఉంది. పనిచేస్తున్న ముక్కే ఉక్కయితే అదీ పనికిరాదు.

హ్యాండిల్ కూడా ట్యాప్‌కి తగ్గదే వాడాలి. ఎం4కి పొడుగు హ్యాండిల్ వేస్తే చేతికి బరువు తెలియకముందే ట్యాప్ తెగుతుంది. స్క్రూ స్పానర్‌తో ఒకవైపే లాగేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. ఇక్కడ ఎవరూ అలా చేయరు కదా? నవ్వుతున్నారంటే చేస్తున్నారన్నమాట. రెండు చుట్లు తిప్పాక ట్రైస్క్వేర్ (లంబకోణం చూసే పనిముట్టు) రెండు వైపులా పెట్టి చూడండి, వంకర ఉంటే అప్పుడే తెలుస్తుంది. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పండి, చిప్స్ (లోహపు పొట్టు) తెగుతాయి. స్టీల్‌కి కటింగ్ ఆయిల్, అల్యూమినియంకి కిరోసిన్. కాస్ట్ ఐరన్‌కి ఏమీ వద్దు.

బ్లైండ్ హోల్ (అడుగు మూసి ఉన్న రంధ్రం) అయితే త్రెడ్ కంటే లోతుగా డ్రిల్ చేయండి, చిప్స్ పడటానికి చోటుండాలి. గన్ ట్యాప్ అక్కడ వద్దు, అది చిప్స్‌ని ముందుకి తోస్తుంది.

ప్రిన్సిపాల్ గారూ, ఈ వారమే ఇండెంట్ (సామాను కావాలనే పత్రం) పెట్టించండి: ఎం10 సెట్ ఒకటి, 8.5 బిట్లు రెండు. మళ్లీ సెట్ విడగొట్టకుండా డబ్బా మొత్తం ఒకరి సంతకం మీదే ఇవ్వమని స్టోర్స్‌కి చెప్పండి.